శస్త్రచికిత్సకు ముందే మందు

రొమ్ములో గడ్డ కనబడినది. సూదితో ముక్క తీసి పరీక్షించిరి. క్యాన్సరని తేలినది. ఆపరేషను ఏనాడని ఇంటివారందరు ఆత్రముతో అడుగుదురు. డాక్టరు మాత్రము, "ఇప్పుడే కాదు, ముందు అయిదారు మాసములు మందులు వాడవలెను" అనును. ఈ మాట వినగానే ఇంటిలో గుబులు పుట్టుట సహజము. రోగము ముదిరిపోయినది, అందుకే కత్తి పట్టుటకు వెనుకాడుచున్నారని ఒకరు అందురు. మందులపేర కాలయాపన చేయుచున్నారని మరియొకరి అనుమానము. ఇంకొక ఆస్పత్రికి పోయి వెంటనే కోయించి పారవేయుద మనెడి బావమరిది ప్రతి కుటుంబములోను ఉండనే ఉండును. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల నుండి వరంగల్లుకో, హైదరాబాదుకో వచ్చిన కుటుంబములు ఆస్పత్రి వరండాలో కూర్చుండి చేసెడి తర్జనభర్జన యంతయు తరచు ఈ ఒక్క విషయమును గురించియే. ఆ తర్జనభర్జనలో తప్పు నిర్ణయము జరిగినచో నష్టపడునది ఆ స్త్రీ. కనుక కోతకు ముందు మందు లెందుకు, ఆ మందు లెన్ని విధములు, వానిని కలిపి ఇయ్యవచ్చునా అను ప్రశ్నలను కొంత తీరికగా విచారింతము.

మన పెద్దలు ఈ వ్యాధిని రాచపుండు అనిరి. పేరులోనే భయ మున్నది. ఆ భయమునకు కారణము లేకపోలేదు. అంతర్జాతీయ సంస్థల అంచనా ననుసరించి 2022వ సంవత్సరములో భారతదేశమున సుమారు 1,92,000 మందికి రొమ్ము క్యాన్సరు క్రొత్తగా బయటపడినది; అదే సంవత్సరము సుమారు 98,000 మంది దీనిచేత మరణించిరి. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మన దుస్థితి తెలియును. సంపన్న దేశములలో వ్యాధి ఇంతకంటె ఎక్కువమందికి వచ్చుచున్నను, చనిపోవువారి పాలు తక్కువ. మనవారు ఆలస్యముగా వచ్చుటయు, వచ్చినవారు చికిత్సను నడుమ విడిచిపెట్టుటయు ఈ తేడాకు ముఖ్యకారణములు. పైగా పాశ్చాత్య స్త్రీలకంటె మన స్త్రీలకు ఈ వ్యాధి సుమారు పదేండ్లు ముందుగా వచ్చుచున్నది. ముట్టు ఇంకను నిలువని వయస్సులో, పిల్లలు చదువుకొనుచున్న దశలో వచ్చుచున్నది. ఈ సంగతి చికిత్స విషయములో మరల అవసరమగును.

మొదట హార్మోను సంగతి. 1895లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జార్జి బీట్సన్ అను శస్త్రవైద్యుడు 33 ఏండ్ల యువతికి అండాశయములు రెండును తీసివేసెను. ఆమెకు రొమ్ము క్యాన్సరు ఒకసారి ఆపరేషనైనను తిరిగి వచ్చి, మరి కత్తికి లొంగని స్థితిలో నుండెను. రొమ్ములో వ్యాధి యుండగా కడుపులోని అండాశయములను తీయుటేమని మనకు తోచును. బీట్సన్‌కు ఈ ఆలోచన ఎట్లు కలిగినదో చూడుడు. ఆయన చిన్ననాడు పాలు పడుటను గురించి పరిశోధనా వ్యాసము వ్రాసియుండెను. ఈనిన ఆవునకు అండాశయములు తీసివేసినచో అది చాలకాలము పాలిచ్చునని కొన్ని దేశముల రైతులెరుగుదురని ఆయన వినెను. అనగా అండాశయమునకును పొదుగునకును నరముల సంబంధము కాక మరియేదో సంబంధ మున్నదన్నమాట. 'హార్మోను' అను మాటయే అప్పటికి పుట్టలేదు. ఆపరేషను తరువాత ఆ యువతి రొమ్ముపై గడ్డలు క్రమముగా కరిగిపోయినవి. 1896లో ఆయన ఈ వృత్తాంతమును ప్రకటించెను. వ్యాధి తిరిగి వచ్చి ఆమె మరణించినమాట నిజమే. కాని చావు తప్పదనుకొన్న మనిషి ఇంచుమించు నాలుగేండ్లు బ్రదికినది. గొడ్లను పెంచువాని అనుభవము వైద్యశాస్త్రమునకు దారిచూపిన సందర్భములలో ఇది యొకటి.

అందరు రోగులకు ఈ ఉపాయము పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో తెలియుటకు అరువది యేండ్లకు పైగా పట్టినది. అండాశయములలో పుట్టెడి ఈస్ట్రోజెన్ అను హార్మోను రక్తములో ప్రవహించి, రొమ్ము కణములలోని గ్రాహకములను అంటుకొని, వానిని పెరుగుడని ప్రేరేపించును. గ్రాహకమనగా తాళము వంటిది, హార్మోను తాళపుచెవి. చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ అను శాస్త్రజ్ఞుడు ఈ గ్రాహకముల ఉనికిని రుజువుచేసెను. కొందరి క్యాన్సరు కణములలో ఈ తాళములు విస్తారముగా నుండును. కొందరిలో ఉండనే ఉండవు. ఉన్నవారికే హార్మోను చికిత్స ఫలించును. మన దేశములో సుమారు సగము మంది, లేదా అంతకు కొంచెము ఎక్కువమంది, ఈ గ్రాహకములున్న రకమువారు.

తాళములో విరిగిన పుల్లను దూర్చినచో అసలు చెవి పట్టదు గదా. టామాక్సిఫెన్ అను మాత్ర చేయునది ఆ పనియే. దీని కథయు విచిత్రమైనది. ఇంగ్లండులో ఐ.సి.ఐ. అను కంపెనీ ప్రయోగశాలలో 1960 దశాబ్దమున డోరా రిచర్డ్‌సన్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు దీనిని తయారుచేసినది. వారు వెదకినది గర్భనిరోధపు మందు. ఆ పనికి అది కొరగాలేదు. సరికదా, స్త్రీలలో అండము విడుదలయగుటకు తోడ్పడినది. పక్కన పెట్టవలసిన ఆ పదార్థమునకు 1973లో బ్రిటనులో రొమ్ము క్యాన్సరు మందుగా అనుమతి లభించినది. తరువాతి కాలమున లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అను వేరొక జాతి మాత్రలు వచ్చినవి. ఇవి తాళమును మూయవు. ముట్టు నిలిచిన స్త్రీల శరీరములో, కొవ్వు మొదలగు చోట్ల, ఈస్ట్రోజెన్ తయారుగాకుండ అడ్డుపడును. అండాశయములు పనిచేయుచున్న యువతికి ఇవి ఒంటిగా పనికిరావు. ఆమెకు అండాశయములను నిద్రపుచ్చెడి ఇంజక్షను కూడ ఇయ్యవలెను.

ఇక కీమోథెరపీ. ఇక్కడ మన తెలుగువాని పేరు తలపక తప్పదు. బీట్సన్ ఆ ఆపరేషను చేసిన 1895లోనే భీమవరములో యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టిరి. మదరాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లముపై పరిశోధన నడిపిరి. ఫోలిక్ ఆమ్లము కణముల వృద్ధికి అవసరము. దానిని పోలియుండి, దాని స్థానము నాక్రమించి, కణమును మోసపుచ్చెడి పదార్థములు ఆయన బృందము చేతిలో తయారైనవి. వానిలో అమినాప్టెరిన్‌ను బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, వారిలో 10 మందికి తాత్కాలికముగానైనను నయమైనదని 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్, మరి రెండు మందులతో కలిసి, రొమ్ము క్యాన్సరు కోతకు తరువాత ఇచ్చినచో వ్యాధి తిరిగి వచ్చుట తగ్గునని 1976లో ఇటలీలోని మిలాను నుండి బొనడొన్నా తెలిపెను. నేడు ఈ వ్యాధిలో డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్ మొదలగునవి ముందునకు వచ్చినవి. డాక్సోరూబిసిన్ ఎర్రగా నుండును గనుక రోగులు దానిని ఎర్రమందందురు. ఇవన్నియు కణము రెండుగా చీలునపుడు దానిని దెబ్బతీయు మందులు. వేగముగా చీలునవి క్యాన్సరు కణములు మాత్రమే కావు. వెండ్రుకల కుదుళ్ళు, నోటిలోని పొర, ఎముకలోని మూలుగు కూడ అట్టివే. జుట్టూడుట, నోటిపూత, తెల్లకణములు తగ్గుట అందుచేతనే. జుట్టు తిరిగి వచ్చును.

ఈ మందులను కోతకు ముందే ఇయ్యనేల? గడ్డ 5 సెంటీమీటర్లు దాటినను, చర్మమునకు గాని ఛాతీ గోడకు గాని అంటుకొన్నను, చంకలోని బిళ్ళలు ఒకదానితో నొకటి ముద్దగట్టినను, వెంటనే కోసినచో వేళ్ళు లోపల మిగిలిపోవును. మందుతో గడ్డ కరగి, వదులై, చేతికందిన తరువాత కోసిన శుభ్రముగా వచ్చును. కొందరిలో రొమ్ము మొత్తము తీయవలసిన అవసరము తప్పి గడ్డ ఉన్న భాగము మాత్రము తీసిన చాలును. మరియొక లాభ మున్నది. గడ్డ లోపలనే ఉన్నది గనుక మందు పనిచేయుచున్నదో లేదో డాక్టరు చేతితో తడిమి, స్కానింగుతో కొలిచి తెలిసికొనగలడు, పనిచేయనిచో మార్చగలడు. గడ్డ తీసివేసిన పిమ్మట ఇచ్చెడి మందు ఫలితము అట్లు కంటికి కనబడదు.

ఆలస్యమువలన ప్రాణమునకు ముప్పు రాదా? ఇది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 1988లో మొదలైన ఒక పరీక్షలో 1,523 మంది స్త్రీలను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు కీమో ముందు, కోత తరువాత. రెండవ భాగమునకు కోత ముందు, కీమో తరువాత ఇచ్చిరి. మందులు అవే, మోతాదులు అవే. బ్రదికిన కాలములో తేడా కనబడలేదు. రొమ్ము దక్కినవారు మొదటి భాగములో ఎక్కువ. 2018లో ప్రకటింపబడిన మరియొక పెద్ద సమీక్ష, 10 పరీక్షలలోని 4,756 మందిని కలిపి చూచి, మరణములలో తేడా లేదనియే చెప్పినది. కాని ఒక హెచ్చరిక కూడ చేసినది: మందు ముందు పుచ్చుకొన్నవారిలో 15 ఏండ్లలో వ్యాధి అదే రొమ్ములో తిరిగి వచ్చుట నూటికి 21 మందికి, కోత ముందు చేసినవారిలో 16 మందికి. కరిగిన గడ్డ ఎంతవరకు వ్యాపించియుండెనో గుర్తుపట్టుట కష్టము, అందువలన ఈ తేడా. మందు మొదలుపెట్టకమునుపే గడ్డలో చిన్న లోహపు గుర్తు నొకదానిని ఉంచుట, కోత తరువాత రేడియేషను తప్పక ఇప్పించుట ఇందుకే అవసరము. మన పల్లెలలో కరెంటు పెట్టుట అని పిలుచునది ఈ రేడియేషనునే. అది కరెంటు కాదు, ఎక్స్‌రే వంటి కిరణములు. పెట్టునపుడు నొప్పి యుండదు.

ఇప్పుడు అసలు చిక్కు. హార్మోనును అడ్డుకొను మందొకటి, చీలెడి కణములను చంపు మందొకటి ఉన్నవి. గ్రాహకములున్న గడ్డకు రెండును పనిచేయును. రెంటిని ఒకేసారి ఇచ్చినచో రెట్టింపు ఫలితము రావలెను గదా? సామాన్యముగా తోచునది ఇదే. వైద్యులకు మాత్రము చాలకాలము దీనికి విరుద్ధమైన భయముండెను.

పత్తిచేనులో, వరిమడిలో కలుపుమందు చల్లువారికి ఈ భయము సులభముగా బోధపడును. నేల పదునుగా ఉండి కలుపు చురుకుగా పెరుగుచున్నప్పుడు మందు బాగుగా పట్టును. చేను ఎండి, కలుపు ముడుచుకొని పెరుగుట మానినప్పుడు అదే మందు అంత పట్టదు. తరువాత వాన పడినచో కలుపు తిరిగి లేచును. హార్మోను మాత్ర కణమునకు నీరు కట్టివేయును; కణము చీలుట మాని నిద్రించును. కీమో చంపునది చీలుచున్న కణమును. కనుక మాత్ర కీమోకు అడ్డమగునేమో! ఈ సందేహమునకు 2009లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరీక్ష కొంత బలమిచ్చినది. ముట్టు నిలిచి, చంక బిళ్ళలకు వ్యాధి సోకి, గ్రాహకములున్న 1,477 మందికి కోత తరువాత చేసిన పరీక్ష అది. కీమో ముగించి టామాక్సిఫెన్ మొదలుపెట్టినవారు, రెంటిని ఒకేసారి పుచ్చుకొన్నవారికంటె కొంత మెరుగుగా నుండిరి. ఆ తేడా గణితశాస్త్రజ్ఞులు పూర్తిగా ఒప్పుకొను నంతటిది కాదు. అయినను, ఒకేసారి ఇచ్చుటలో లాభము కనబడనప్పుడు నష్టమునకు సిద్ధపడనేల అని వైద్యలోకము 'ముందు కీమో, తరువాత మాత్ర' అను క్రమమును స్థిరపరచుకొన్నది. పైగా టామాక్సిఫెన్ రక్తమును సిరలలో గడ్డకట్టించు స్వభావము కొంత కలది. కీమోతో కలిసినచో ఆ ప్రమాద మధికమగును.

ఈ ఫలితము కోతకు తరువాతి చికిత్సది. కోతకు ముందు సంగతి యేమి? జర్మనీలో 250 మందికి కోతకు ముందు కీమో ఇచ్చి, వారిలో సగము మందికి టామాక్సిఫెన్ కూడ జోడించి చూచిరి. ఫలితములు 2001లో వచ్చినవి. జోడించినందువలన గడ్డలు అదనముగా కరగలేదు. అక్కడితో ఈ మార్గము మూతపడినదనుకొనిరి. కాని టామాక్సిఫెన్ వేరు, లెట్రోజోల్ వేరు. ఇరానులోని షిరాజు నగరమున ముట్టు నిలిచిన 101 మంది స్త్రీలకు కీమోతో లెట్రోజోల్ కలిపి ఇచ్చిన పరీక్ష 2012లో వెలువడినది. కోసి తీసిన భాగములో క్యాన్సరు కణము ఒక్కటియు కనబడనివారు, కలిపి ఇచ్చిన వర్గములో నూటికి సుమారు 25 మంది. కీమో మాత్రమే ఇచ్చిన వర్గములో సుమారు 10 మంది. చీనాలో 249 మందిపై చేసిన పరీక్ష 2019లో ప్రకటితమైనది. అందు యువతులకు అండాశయములను నిద్రపుచ్చు ఇంజక్షనును, అందరికి లెట్రోజోల్‌ను కీమోతో పాటు ఇచ్చిరి. గడ్డ తగినంత కరిగినవారు కలిపిన వర్గములో నూటికి 85 మంది, కలపని వర్గములో 73 మంది. పెరుగుదల వేగముగా నున్న గడ్డలలో ఈ లాభము మరింత స్పష్టము. కాని క్యాన్సరు కణములు పూర్తిగా మాయమైనవారి సంఖ్యలో చెప్పదగిన తేడా లేకపోయినది.

కనుక కలపవచ్చునా, కూడదా? నా విచారణలో తేలినంతవరకు చెప్పెదను. టామాక్సిఫెన్‌ను కీమోతో కలుపకుండుటయే మంచిది. లెట్రోజోల్ జాతి మందులను కలిపినచో గడ్డ ఎక్కువగా కరగునను ఆశకు ఆధారమున్నది. కాని ఆ పరీక్షలు చిన్నవి. గడ్డ కరుగుట వేరు, మనిషి పదేండ్లు ఎక్కువ బ్రదుకుట వేరు. ఆ రెండవది ఇంకను రుజువు కావలసియున్నది. అందుచేత నేటికిని సామాన్య పద్ధతి కీమో, కోత, రేడియేషను, తరువాత హార్మోను మాత్ర అను వరుసయే. కలిపి ఇచ్చుట పరిశోధనలో భాగముగా, రోగికి చెప్పి సమ్మతి పుచ్చుకొని చేయవలసిన పని. ఏ డాక్టరైనను అట్లు అడిగినచో, మనమీద ప్రయోగములు చేయుచున్నారని మండిపడనక్కరలేదు. పైన చెప్పిన అంకెలన్నియు అట్లు సమ్మతించిన స్త్రీలవలననే మనకు దక్కినవి.

ఒక మినహాయింపు కలదు. అండాశయములను నిద్రపుచ్చు ఇంజక్షనులను కీమోతోపాటు యువతులకు ఇచ్చుట వేరొక ప్రయోజనముకొరకు ఇప్పటికే ఆచారములోనున్నది. నిద్రించు అండాశయము కీమో దెబ్బకు అంతగా చెడదు. 2015లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, గ్రాహకములు లేని యువతులకు ఈ ఇంజక్షను ఇచ్చినపుడు అండాశయములు చెడినవారు నూటికి 8 మంది. ఇయ్యనపుడు 22 మంది. ఇంకను బిడ్డలను కోరు యువతి ఈ విషయమును కీమో మొదలుకాక ముందే డాక్టరు నడుగవలెను. మొదలైన తరువాత అడిగిన ప్రయోజనము తక్కువ.

కీమోను తట్టుకొనలేని వృద్ధురాలి సంగతి వేరు. డెబ్బదియైదేండ్ల అవ్వకు గుండెజబ్బు ఉన్నది. గడ్డలో గ్రాహకములు మెండుగా ఉన్నవి. ఆమెకు కోతకు ముందు నాలుగైదు మాసములు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ కాలము, లెట్రోజోల్ మాత్ర యొక్కటియే రోజునకొకటి చొప్పున ఇత్తురు. 2001లో వచ్చిన ఒక పరీక్షలో ముట్టు నిలిచిన స్త్రీలకు ఇట్లు నాలుగు మాసములు ఇచ్చినపుడు నూటికి 55 మందిలో గడ్డ చాలవరకు తగ్గినది. టామాక్సిఫెన్‌తో 36 మందిలో తగ్గినది. జుట్టూడదు, సెలైను ఎక్కించనక్కరలేదు. ముసలిదానికి ఉత్త మాత్రలిచ్చి సరిపుచ్చినారని కొడుకులు కోపించుట నేనెరుగుదును. కాని అది చిన్నచూపు కాదు, తగిన చికిత్స.

మన దేశములో జరిగిన పరిశోధన యొకటి ఇచ్చట చెప్పవలెను. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో రాజేంద్ర బద్వేగారి బృందము, కోతకు ముందు 5 నుండి 14 దినముల లోపల ప్రొజెస్టరాన్ జాతి హార్మోను ఇంజక్షను నొకదానిని మాత్రమే ఇచ్చి చూచెను. హార్మోనును అడ్డుట కాదు, హార్మోనును ఇచ్చుట! వేయిమంది స్త్రీలతో జరిగిన ఈ పరీక్షా ఫలితములు 2011లో వెలువడినవి. అందరిని కలిపి చూచినపుడు లాభము నిశ్చయముగా తేలలేదు. కాని చంక బిళ్ళలకు వ్యాధి సోకినవారిలో అయిదేండ్లు బ్రదికినవారు, ఇంజక్షను లేనివారిలో నూటికి 67 మంది కాగా, ఉన్నవారిలో 76 మంది. ఈ మందు చాల చవుక. ఇతర దేశములలో ఇది ఇంకను ఆచారము కాలేదు. చవుక మందును అమ్ముకొనుటకు ఏ కంపెనీయు పరుగెత్తి రాదనుకొందును.

ఇక మన జిల్లాల స్థితి. 2016 అక్టోబరులో వేరు జిల్లాలైన ఈ మూడును చాలవరకు పూర్వపు వరంగల్లు జిల్లాలోనివే. జనగామవారికి రైలెక్కిన హైదరాబాదు దగ్గరే. మానుకోట, అనగా మహబూబాబాదు, పట్టణమునకు కాజీపేట మీదుగా రైలున్నది. కాని తండాల నుండి ఆ పట్టణము చేరుటయే కష్టము. భూపాలపల్లివారు బొగ్గుగనుల ప్రాంతము నుండి పరకాల మీదుగా హనుమకొండకు బస్సులో రావలెను. మహబూబాబాదులో 2022లో, జనగామలోను భూపాలపల్లిలోను 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రి, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆస్పత్రి మనకు పెద్ద దిక్కులు. క్యాన్సరు చికిత్సలు ఆరోగ్యశ్రీ పథకములో చేరియున్నవి. ఆ పథకపు పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిరి. మూడు వారముల కొకసారి కీమోకు వచ్చిపోవుటయే బీదవానికి బరువు. ఛార్జీలు, తోడు వచ్చినవాని కూలి పోవుట, ఇంటివద్ద పిల్లలకు వండిపెట్టువారు లేకపోవుట అను వీనిని ఏ పథకమును పూర్తిగా తీర్చదు. నాలుగవ ఇంజక్షను తరువాత రాకుండ పోయినవారిలో చాలమందిని ఆపినవి ఇట్టి చిల్లర కష్టములే. కనుక చికిత్స మొదలుపెట్టు దినముననే, ఆరు మాసములు ఎవరు తోడు పోవలెనో, ఇల్లెవరు చూడవలెనో నిర్ణయించుకొనుట మందు వంటిదే.

మరికొన్ని సంగతులు. గడ్డ కనబడగానే దగ్గరి పట్టణములో ఏ నర్సింగుహోములోనో దానిని 'చిన్న ఆపరేషను' చేయించి తీయించి పారవేయకూడదు. ముందు సూదితో సన్నని ముక్క తీయించి పరీక్ష చేయించవలెను. సూది గుచ్చినచో వ్యాధి పాకునను భయము మనలో విస్తారముగా నున్నది. అది ఆధారము లేనిది. ఆ ముక్కమీదనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ గ్రాహకముల పరీక్షయు, హెర్-2 అను మరియొక పరీక్షయు చేయుదురు. మొదటి మందు చుక్క ఒంటిలోనికి పోకముందే ఆ రిపోర్టు చేతికి రావలెను. ఏలయన మందు బాగుగా పనిచేసినచో తరువాత పరీక్షించుటకు కణములే మిగులకపోవచ్చును. గ్రాహకములు లేవని తేలినచో హార్మోను మాత్ర వలన ఉపయోగము లేదు. హెర్-2 ఉన్నదని తేలినచో దానికి ప్రత్యేకమైన మందు వేరే యున్నది. ఒకరి మాత్రలు మరియొకరికి పంచిపెట్టుట ఎంత ప్రమాదమో దీనివలననే తెలియును.

కీమో ఇచ్చిన తరువాత వారము, పది దినములకు జ్వరము వచ్చినచో ఇంటివద్ద మాత్ర వేసి పడుకొనబెట్టరాదు. తెల్లకణములు తగ్గిన సమయమది. రాత్రియైనను ఆస్పత్రికి పోవలెను. ఒక కాలు వాచి నొప్పిపెట్టినను, హఠాత్తుగా ఆయాసము వచ్చినను అంతే. పథ్యము పేర పెరుగు, గ్రుడ్డు, పప్పు మానిపించి మనిషిని నీరసపరచుట మన ఇండ్లలో కలదు. శుభ్రముగా వండిన ఏ ఆహారమైనను తినవచ్చును.

మూడవ ఇంజక్షనుకే గడ్డ చేతికి తగులకుండ పోవచ్చును. ఇదే అన్నిటికంటె ప్రమాదకరమైన ఘట్టము. "గడ్డయే లేదు, ఇక కోత యెందుకు" అని ఇంటికి పోయి, ఏడాది తరువాత పుండుతో తిరిగివచ్చినవారు కలరు. చేతికి తగులనంత మాత్రమున వ్యాధి పోయినట్లు కాదు. గ్రాహకములున్న రకములో, మందులతోనే కణములన్నియు మాయమగుట నూటికి పదిమందిలోనైనను జరుగుట అరుదు. గడ్డ కరిగినచో అది చికిత్స సరియైన దారిలో నున్నదనుటకు గుర్తు, కోత అవసరమే. తీసిన భాగమును పరీక్షించి ఎంత మిగిలినదో చెప్పెడి రిపోర్టును బట్టియే తరువాతి చికిత్స నిర్ణయింతురు.

ఆ పిమ్మట హార్మోను మాత్ర మొదలగును. రోజున కొకటి, అయిదేండ్లు, కొందరికి పదేండ్లు. నొప్పి లేదు, గడ్డ లేదు, ఆస్పత్రి లేదు. మాత్ర మాత్రము నిత్యము. టామాక్సిఫెన్‌తో ఒళ్ళు వేడెక్కి చెమటలు పోయును. లెట్రోజోల్‌తో కీళ్ళు పట్టును, ఎముకలు పలుచబడును. ముట్టు నిలిచినవారికి టామాక్సిఫెన్ వాడుకలో రక్తస్రావము కనబడినచో తప్పక డాక్టరుకు చెప్పవలెను. మాత్ర వాడుచుండగా గర్భము రాకుండ చూచుకొనవలెను. బాధ కలిగినచో మానివేయక, మార్చుమని అడుగవలెను. మార్చుటకు వేరు మాత్రలున్నవి. టామాక్సిఫెన్ పాత మందు, చవుక మందు, మన దేశపు అత్యవసర ఔషధముల పట్టికలో నున్నది. నెలకు సరిపడు మాత్రలు అయిపోవుటకు వారము ముందే తెచ్చుకొని, పొద్దున టీ త్రాగు వేళకో, రాత్రి వార్తలు వినువేళకో అలవాటుగా వేసికొనవచ్చును.